బాపు గ్రాఫు కాగితాల మీద అమ్మ బొంత

మా బాపు, అంటే మా నాన్న, చేత్తో గీసిన గ్రాఫు కాగితాలను చింపి పోగుపెట్టింది నేనేనని మా చుట్టాల్లో అందరూ అంటారు. అననీ. చింపింది నేను కాదు. చింపడానికి వీలుగా వాటి మీద దగ్గర దగ్గరగా కుట్టు వేసింది మాత్రం నేనే. అందుకని ఆ మాట పడటానికి నాకేం బాధ లేదు. పెళ్లిళ్లలో, దినాల భోజనాల్లో నన్ను చూసి మూతి తిప్పుకునే వాళ్లకు ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

నేను నకిరేకల్‌లో బస్టాండు వెనక సందులో జాకెట్లు కుడతాను. పుట్టిల్లు చౌటుప్పల్ దిక్కున ఒక నేత ఊరు. మా ఇంట్లో నేసేవి నూలును ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, తర్వాత మగ్గానికి ఎక్కించే చీరలు. ఎక్కడ ముడి కట్టాలో, ఎక్కడ విప్పాలో చెప్పేది గ్రాఫు కాగితం. పెద్ద కాగితం మీద చిన్న చిన్న గళ్లు, ఆ గళ్లలో బాపు పెన్సిల్‌తో నింపిన చిలకలు, ఏనుగులు, పువ్వులు. గ్రాఫు గీసేది మగవాళ్లు. మగ్గం మీద కూర్చునేది మగవాళ్లు. ఊరికి ఎవరైనా కారులో వస్తే పక్కన నిలబడి ఫొటో దిగేదీ వాళ్లే.

ఆడవాళ్ల పని ఆసు పోయడం. ఒక చెక్క చట్రం ఉంటుంది. దానికి ఒక కొసన ఒకటే మేకు, రెండో కొసన వంపుగా వరసన బోలెడు మేకులు. దారాన్ని వేళ్ల మధ్య పట్టుకుని ఆ మేకు నుంచి ఈ మేకుకు, ఈ మేకు నుంచి ఆ మేకుకు తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేల సార్లు పోయి రావాలి. మా అమ్మ పెళ్లయి వచ్చిన వారానికి ఆ చట్రం ముందు కూర్చుంది. లేచేసరికి కుడి భుజం అరిగిపోయింది. ఇప్పుడు ఆ చెయ్యి రొమ్ము దాకా లేస్తుంది, ఆ పైకి లేవదు. తల దువ్వుకోలేదు, దండెం మీద చీర ఆరేసుకోలేదు. నల్లగొండ దవాఖానలో డాక్టరు పని మానెయ్యాలని చెప్పాడు. బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడే బాపు, "గీ ఒక్క చీరకు పొయ్యి, ఎనుకసిరి మానేద్దువు తియ్యి," అన్నాడు. ఆ 'ఒక్క చీర' నాలుగేళ్లు నడిచింది.

మా అమ్మ ఒంటి మీద ఆ ఇంటి మగ్గం గుడ్డ ఒక్కటంటే ఒక్కటి పడలేదు. ఆమె కట్టుకున్నవన్నీ సంతలో కొన్న పాలిస్టర్ చీరలు. వేసంగిలో ఒళ్లంతా చెమటకాయలు లేచేవి. దసరా ముందర బాపు ప్రతిసారీ మగ్గం మీదున్న చీర చూపించి, "గీ అచ్చు నీకేనే," అనేవాడు. చీర దిగేది. మడత పడేది. నూలు ఇచ్చి చీరలు తీసుకుపోయే సావుకారి బండి ఎక్కేది. అమ్మ ఏమీ అనేది కాదు, ఆమె అననందుకు నాకు ఆమె మీద కూడా ఒళ్లు మండేది.

నా సంగతి కూడా చెప్పాలి. పదకొండేళ్లప్పుడు బాపు లేని పూట చూసి ఒక గ్రాఫు కాగితం తీసి, నా అంతట నేను ఒక చిలకను గీశాను. చక్కగా వచ్చింది. ముక్కు కొంచెం మొద్దుగా ఉంది, అంతే. బాపు వచ్చి చూశాడు. కొట్టలేదు. కాగితాన్ని నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి పొయ్యిలో వేశాడు. "ఇంకో ఇంటికి పోయే పిల్లకు గిరాపు చూపెడ్తె, డిజైను గా ఇంటికి పోతది. పో, పొయ్యి ఆసు పొయ్యి," అన్నాడు. మా ఊళ్లో అదే లెక్క. ఆడపిల్లలకు ముడులు కట్టడం దాకా నేర్పుతారు, గ్రాఫు నేర్పరు. తమ్ముడికి మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. వాడు ఆవలిస్తూ నేర్చుకుని, పదో తరగతి కాగానే మందుల కంపెనీలో పనికి పోయాడు. నేర్చుకోవాలని చచ్చిపోయిన దానికి పొయ్యి, పారిపోయేవాడికి పాఠం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

తెలంగాణ వచ్చిన రెండో ఏడో మూడో ఏడో బాపు పోయాడు. మగ్గం మీద చీర సగంలో ఉంది. ఎరుపు, నలుపు పెద్ద గళ్లు, గడికొక చిలక. తమ్ముడు నెల మాసికం కూడా కాకముందే కత్తెరతో ఆ సగం చీరను కోసి, మగ్గం విప్పి, దాని కింద కాళ్లు పెట్టుకునే గుంటలో మొరం పోసి, పైన టైల్స్ వేయించాడు. ఇప్పుడు అక్కడ సోఫా ఉంది. అమ్మ ఆ సగం చీరను తన ట్రంకు పెట్టెలో దాచుకుంది. పెట్టె అడుగు తుప్పు పట్టి చిల్లు పడింది, అందులోంచి ఎలుకలు దూరాయి.

కరోనా ఏడాది నాకు ఒక్క జాకెట్టు రాలేదు. పెళ్లిళ్లే లేవు, జాకెట్లెవరికి కావాలి. ఫోన్ చూస్తూ కూర్చుంటే ఒక వీడియో కనపడింది. ఏ దేశమో, ఆమె మాట ఒక్క ముక్క అర్థం కాలేదు. చేతులు మాత్రం అర్థమయ్యాయి. కాగితం మీద గీతలు గీసి, ఏ ముక్క ముందు ఏ ముక్క తర్వాత అని అంకెలు వేసుకుంది. బట్ట ముక్కల్ని కాగితం కింద పెట్టి, పైనుంచి గీత వెంబడి మిషన్ కుట్టు వేసింది. ఒక ముక్క కుట్టడం, కాగితం మడిచి మిగిలిన అంచు కత్తిరించడం, గోటితో నొక్కి ముక్కను తిప్పడం, ఇంకో ముక్క పెట్టడం. చివరికి తిరగేసి చూపిస్తే, పిట్ట! సూది మొనంత తేడా లేకుండా అతుకులతో చేసిన పిట్ట. ఆ తర్వాత వెనక కాగితాన్ని పర్రున చింపి పారేసింది.

నేను నోరు తెరుచుకుని ఆ ఒక్క వీడియో ఎన్నిసార్లు చూశానో. ఓసినీ, ఇది గ్రాఫే కదా అనుకున్నాను. కొలత అంతా కాగితమే మోస్తుంది, గుడ్డ దాని వెంట నడుస్తుంది. నాకు ఎవరూ నేర్పని పని, ఎవరో ముఖం తెలియని ఆమె నేర్పుతోంది. ఆ రోజు నుంచి అస్తరు ముక్కలతో కుట్టడం మొదలుపెట్టాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, "కాయితాలు కుడ్తున్నవేందే, బట్టలు ఒడిసినయా?" అని నవ్వాడు. కట్టెపుల్ల విరిచినట్టు ఒక మాట అనేసరికి మళ్లీ ఆ జోలికి రాలేదు.

అమ్మ మా ఇంటికి పోయిన చలికాలం వచ్చింది. పదిహేను రోజులుంటానంది. సంచిలోంచి ఆ సగం చీర తీసి నా మిషన్ మీద పెట్టింది. చూస్తే నా ప్రాణం చివుక్కుమంది. గళ్లు నిలిచాయి గానీ, చిలకలున్న చోటల్లా కొరుకుడే. గంజి అక్కడే ఎక్కువ పట్టిందేమో, ఎలుకలు ఏరుకుని తిన్నాయి.

"కట్టుకునేందుకు రాదు బిడ్డా," అంది అమ్మ. "కప్పుకునేందుకన్న అయితదా సూడు. మన ఇంటి గుడ్డ కప్పుకోని ఒక్క చలికాలమన్న పండుకుంట."

జీవితంలో ఆమె నన్ను అడిగింది ఇదొక్కటే. దుప్పటి కాదు, డబ్బు కాదు, మందులు కూడా కాదు. బొంత అవుతుందని చెప్పాను. నాశనమైన చిలకల్ని మళ్లీ చేస్తానని కూడా చెప్పాను. గళ్లలోంచి ఎరుపు ముక్కలు, నలుపు ముక్కలు వస్తాయి. తెలుపుకు బాపు పాత ధోవతి ఉంది. మూరెడు చదరాలు పన్నెండు, చదరానికో చిలక. వరసకు నాలుగు చొప్పున మూడు వరసలు కుడితే, పొడవు అమ్మ పాదాల దాకా వస్తుంది. గుడ్డ సరిగ్గా పన్నెండింటికే సరిపోతుంది, ఒక్క ముక్క చెడినా బొంత కురచైపోతుంది. ఆ సంగతి అమ్మకు కూడా చెప్పాను.

చిలక గ్రాఫు కోసం తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు కాగితాల కట్టంతా ప్లాస్టిక్ కవర్లో చుట్టి బస్సులో వచ్చి ఇచ్చాడు గానీ, ఇస్తూ పది జాగ్రత్తలు చెప్పాడు. "జిరాక్స్ తీసుకోని పైలంగ ఇయ్యాలె అక్కా. హైదరాబాద్‌కెల్లి మ్యూజియం మేడమోళ్లు వస్తున్నరు. బాపు ఫోటో పక్కకు అద్దాలు కట్టించి పెడ్తరట. ఈ ఆయితారం గాదు, వచ్చే ఆయితారం వచ్చి తీస్కపోత." మగ్గం గుంట పూడ్చినవాడికి బాపు మీద ఇప్పుడు పుట్టుకొచ్చింది ప్రేమ. నేను పళ్లు బిగబట్టి సరే అన్నాను.

చదరానికో కాగితం పోతుంది గనుక, జిరాక్స్ షాపులో కాగితాన్ని రెండు ముక్కలుగా ముందు ఆరింటికి సరిపడా తీయించి అంటించుకున్నాను. గళ్లలో మెట్లు మెట్లుగా దిగే చిలక వీపును స్కేలు పెట్టి ఏటవాలు గీతలుగా మార్చాను. కుట్టు గీతంటే తిన్నగానే పోవాలి, మెట్లు దిగడం దానికి రాదు. ముక్కుకు మూడు ముక్కలు, రెక్కకు ఐదు, తోకకు నాలుగు. అంకెలు వేసుకున్నాను. పదకొండేళ్లప్పుడు మొద్దుగా వచ్చిన ముక్కు ఈసారి వాడిగా వచ్చింది. నాలుగు రోజుల్లో ఆరు చదరాలు కుట్టి, వరసగా చాప మీద పరిచి అమ్మను పిలిచాను.

అమ్మ వంగి చాలాసేపు చూసింది. "మంచిగున్నయి గని బిడ్డా, గివి మన చిలకలు గావు. మనది కుడి దిక్కు సూస్తది."

వంగి చూశాను. ఆరుకు ఆరూ ఎడమకు చూస్తున్నాయి! గుడ్డ కాగితం కింద ఉంటుంది కదా, పైన గీసింది కింద తిరగబడి వస్తుంది. ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నదానివి, ఆ మాత్రం తెలియదా అంటే తెలుసు. జాకెట్టు ముక్కకు ఉల్టా ఏదో సీదా ఏదో నిద్రలో అడిగినా చెబుతాను. కానీ ఆ గ్రాఫు చూడగానే నా బుర్ర మిషన్ దగ్గర్నుంచి లేచిపోయి మగ్గం దగ్గర కూర్చుంది. మా గుడ్డకు ఉల్టా సీదా ఉండదు. ముడి కట్టి రంగు వేసిన నూలు, బొమ్మ రెండు పక్కలా అంతే నిండుగా పడుతుంది. వెనక వైపన్న ఆలోచనే మా ఇళ్లలో పుట్టినవాళ్లకు రాదు. విప్పుదామంటే చీమ కాళ్లంత కుట్లు, విప్పితే గుడ్డ పోగులై పోతుంది.

కత్తెర తీసి గోడకేసి కొట్టాను. సున్నం రాలింది. గోడకు పడ్డ ఆ గుంట ఇంకా ఉంది, పూడ్చలేదు. నేనే చెడగొట్టాను, నేనే! గుడ్డ సరిగ్గా సరిపోతుందని అమ్మకు లెక్క చెప్పిన నోటితోనే నన్ను నేను తిట్టుకున్నాను.

అమ్మ మాత్రం చదరాల్ని ఎడమ చేత్తో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. "గంత గావరైతవెందుకే? మిగిలిన ఆరు కుడి దిక్కు సూసేటట్టు కుట్టు. జంటలు జంటలు పెడ్దాం. ఒకదాన్నొకటి సూస్కుంటయి." గ్రాఫు చదవడం రాదని జీవితమంతా అనిపించుకున్న మనిషి, నేను కత్తెర విసిరినంత సేపట్లో డిజైను సరిచేసేసింది.

కుడికి చూడాలంటే కాగితాన్ని కిటికీకి ఆనించి, వెలుతురుకు గీతలు వెనక్కి కనపడేలా చూసుకుని, వెనక వైపు గీసుకోవాలి. ఇంకో ఆరు జిరాక్సులు తేవాలి, జర పోయి వస్తానని చెప్పులేసుకుంటున్నాను.

"కుట్టినంక కాయితం ఏమైతది?" అని అడిగింది అమ్మ.

"చింపేయాలె."

"మొత్తమా?"

"మొత్తం. లోపల ఉంటే గరగరమంటది. ఉతికితే ముద్దయితది."

అమ్మ లేచి, అలమార కింది అర నుంచి ప్లాస్టిక్ కవర్ కట్ట తీసి నా ముందు వేసింది. "అయితే గివి పెట్టి కుట్టు."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. "అవి బాపు చేత్తోని గీసినయి అమ్మా."

"నా చెయ్యేడవాయె మరి?" అంది. గొంతు పెంచలేదు. "ఆయన గీసిండు. నేను ఆసు పోసిన. గీత అద్దాలల్ల పెడ్తరట. ఆసు ఏడ పెడ్తరు?"

నిజం చెప్పాలంటే ఆ పూట నాకు అమ్మ మీదే కోపం వచ్చింది. బాపు మీద ఇన్నేళ్లు పళ్లు నూరినదాన్ని, తీరా ఆ కట్ట చేతికొస్తే చెయ్యి ఆడలేదు. కాగితాల అంచుల మీద టీ మరకలు, మడతల దగ్గర ఆయన వేలి మసి. ఆయన పెన్సిల్ నొక్కి గీసేవాడు, తడిమితే గళ్లు చేతికి తగిలేవి. రెండు రోజులు మిషన్ తొక్కలేదు. అమ్మ కూడా అడగలేదు. పొద్దున లేచి చిలకల జంటలు సర్దుకోవడం, మళ్లీ తీసి మడతపెట్టుకోవడం.

మూడో రోజు చిలక కాగితాన్ని కిటికీకి ఆనించాను. వెనక వెలుతురు పడేసరికి పై మూలలో రబ్బరుతో చెరిపిన రాత కనపడింది. 'ఇంటికి' అని పెన్సిల్‌తో రాసి ఉంది. దాన్ని చెరిపి పక్కన పెన్నుతో సావుకారి పేరు. దాని కింద మళ్లీ 'ఇంటికి'. అదీ చెరిపాడు, మళ్లీ సావుకారి పేరు. మూడోసారి కూడా అంతే. అంటే ఆయన ఊరికే మాట వరసకు అనలేదు. మూడు సార్లు అమ్మ కోసమని నిజంగా రాసుకున్నాడు. మూడు సార్లు తన చేత్తోనే తుడిచేశాడు. అబద్ధం చెప్పాడనుకున్నంత కాలం భరించగలిగాను. ఇది మాత్రం భరించలేకపోయాను. ఇవ్వాలని తెలిసి, రాసుకుని, చెరిపేసినవాడిని ఏమనాలి!

"ఏం రాసిండు?" అని అడిగింది అమ్మ. ఆమెకు చదువు రాదు. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో, కానీ నాకు దాచడం చేతకాదు. చెప్పాను. అమ్మ తల ఊపింది. "గా కాయితం ఆఖరుకు పెట్టు," అంది.

ఆ తర్వాత నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఏనుగుల కాగితం, పువ్వుల కాగితం, దీపాల కాగితం, ఏది దొరికితే దాని వెనక చిలక గీతలు గీశాను. లావు సూది వేసి, కుట్టు చిన్నది పెట్టి తొక్కాను. పాత కాగితం సూది కింద పటపటమంటుంటే, ఏం దాచుకోవాలి, నాకు హాయిగా ఉంది. ఆఖరుకు మిగిలిన ఆరో చదరం బాపు చిలక కాగితం మీదే కుట్టాను. శనివారానికి పన్నెండూ అతికి, చుట్టూ ధోవతి పట్టీ వేశాను. ఎరుపు గుడ్డ వేలెడు ముక్క కూడా మిగల్లేదు. ఇక కాగితం తీసి, వెనక పాత నూలు చీర వేసి టాకాలు వేయడమే.

ఆదివారం పొద్దున అమ్మ చాప మీద కూర్చుని బొంత పైభాగాన్ని తిరగేసి ఒళ్లో వేసుకుంది. నన్ను ముట్టనియ్యలేదు. లేవని కుడి చేతిని గుడ్డ మీద బరువుగా పెట్టి నొక్కిపట్టి, ఎడమ చేత్తో ఒక్కో పీలిక లాగింది. ముందు జిరాక్సులు, తర్వాత ఏనుగులు, పువ్వులు, దీపాలు. పర్రుమని చింపుతోంది, పక్కన వేస్తోంది. ఆమె దవడ బిగిసి ఉంది. మా అమ్మకు కోపం వస్తుందని, వస్తే ఇలా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. నేను గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాను.

పది గంటలప్పుడు తమ్ముడు వచ్చాడు. చేతిలో కాగితాలు పెట్టుకుపోవడానికి కొత్త ఫైలు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం జేస్తున్నవే అమ్మా! అవి బాపు కాయితాలే!" అని అరిచి నా మీదికి తిరిగాడు. "దిమాక్ ఉన్నదా అక్కా నీకు? ముసల్దానికి తెల్వకపోతే నీకన్న తెల్వదా?"

"నువ్వు మగ్గం కోసినప్పుడు ఎవ్వల్నడిగి కోసినవురా?" అన్నాను. "గుంటల మొరం పోసినప్పుడు బాపు గుర్తుకు రాలేదా? సోఫా మీద కూసున్నప్పుడన్న రాలేదా?" ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను.

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కూడా నిజమే, రాయాలి. చాప మీద పడున్న పీలికల్లోంచి ఒక ఏనుగు తొండం తీసి చేతిలో పట్టుకున్నాడు. "మరి బాపు గుర్తు ఇంకేమున్నదే మనకు?" అన్నాడు.

అమ్మ చింపడం ఆపింది. కుడి చెయ్యి మెల్లగా పైకెత్తింది. అది రొమ్ము దాకా వచ్చి, ఎప్పటిలాగే అక్కడ ఆగింది.

"గిదున్నది గదరా," అంది. "దీనికి అద్దాలు కట్టిస్తవా?"

అమ్మ చెయ్యి దించి, గుడ్డ మీద మళ్లీ బరువుగా పెట్టింది. తల వంచి, ఆఖరి చిలక ముక్కు వెనక ఇరుక్కున్న కాగితం ముక్కను గోటితో లాగేసింది.